పదిహేడు గ్రాముల లెక్క

ఈత చెట్టు బోదె చూసి దాన్ని ఎన్నేళ్లుగా గీస్తున్నారో చెప్పేవాడు మా నాయన. ఒక ఏడు ఒక పక్క గీస్తే మరుసటి ఏడు ఎదురు పక్క గీస్తారు. మానిన ప్రతి గాటూ ఒక గంటుగా మిగిలిపోతుంది. ఇరవై ఏళ్లు గీసిన చెట్టు మెట్లు మెట్లుగా, మెలికలు తిరిగి నిలబడుతుంది. మడకశిర దగ్గర మా పల్లెలో, వంక గట్టున అట్లాంటి చెట్లు ఉండేవి. మాది కల్లు గీసే ఈడిగ కుటుంబం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని అనంతపురం నేల మీద వేరుశనగ ఎండిపోయిన ఏడు కూడా ఈత చెట్టు మాకు అంతో ఇంతో ఇచ్చింది.

చలికాలం సాయంత్రం పూట నాయన చెట్టుకు రెండు రకాల కుండలు కట్టేవాడు. ఒక కుండ లోపల సున్నం పూసేవాడు. ఇంకోదానికి పూసేవాడు కాదు, సరిగ్గా కడిగేవాడు కూడా కాదు. అడుగున నిన్నటి మడ్డి కొంచెం ఉండనిచ్చేవాడు. సున్నం పూసిన కుండలో దిగేది నీరా, పిల్లలకి ఇచ్చేది. రెండో కుండలోది దించేటప్పటికే నురుగు కట్టి ఉండేది. పొద్దున తియ్యగా ఉన్న ఆ కల్లు మధ్యాహ్నానికి ఘాటెక్కి, సాయంత్రానికి పులిసిపోయేది.

"తీపి యాడికి పాయె నాయనా?" అని ఒకసారి అడిగాను. నాకప్పుడు ఏడెనిమిదేళ్లు.

"కల్లే తాగిందప్పా" అన్నాడు.

పదేళ్ల తరువాత అనంతపురంలో డిగ్రీ చదువుతున్నప్పుడు కెమిస్ట్రీ క్లాసులో అదే జవాబు అంకెల్లో విన్నాను. 1815లో గే లుసాక్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త చక్కెర పులిస్తే ఏమవుతుందో లెక్క కట్టాడు. 180 గ్రాముల గ్లూకోజు పూర్తిగా పులిస్తే 92 గ్రాముల ఆల్కహాలు, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడు వస్తాయి. సగం మత్తు, సగం గాలి. ఆ తీపిని తాగేది ఈస్ట్ అనే కంటికి కనపడని జీవి అని ఆ తరువాత పాశ్చర్ నిరూపించాడు. బీరు మీదే ఆయన ఒక పుస్తకం రాశాడు, 1876లో. కుండ అడుగున నాయన వదిలిన మడ్డిలో ఉండేది ఆ ఈస్టే. దాంతోపాటు పులుపు తెచ్చే బ్యాక్టీరియా కూడా ఉండేది కాబట్టే సాయంత్రానికి కల్లు పులిసేది. సున్నం ఆ రెండింటినీ పెరగనిచ్చేది కాదు. నాయనకి ఇవేవీ పేర్లతో తెలియవు. పనిగా తెలుసు.

ఇప్పుడు నేను టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఉంటున్నాను. పన్నెండేళ్లుగా ఇంట్లో బీరు కాస్తున్నాను. అమెరికాలో ఇది చట్టబద్ధం. 1978 అక్టోబరు 14న అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టంతో, మరుసటి ఏడాది ఫిబ్రవరి నుంచి ఇంట్లో బీరు చేసుకోవడానికి పన్ను, అనుమతి అక్కరలేకుండా పోయింది. పెద్దవాళ్లు ఒక్కరుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, అంటే దాదాపు 380 లీటర్లు, ఇద్దరుంటే దానికి రెట్టింపు. అమ్మకూడదు. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా ఏ మద్యం తయారు చేసినా నేరమే. ఈ వ్యాసం చదివి మడకశిరలోనో కదిరిలోనో బకెట్టు పెట్టుకోవద్దని ముందే చెబుతున్నాను. నేను రాసేది చక్కెరకీ మత్తుకీ మధ్య ఉన్న లెక్క గురించి. ఆ లెక్క సరిగ్గా తెలియక మన దగ్గర చాలామంది చాలా పోగొట్టుకున్నారు.

ముందు బీరంటే ఏమిటో చెప్పాలి. రాయలసీమ తల్లులకి ఇది చెప్పడం తేలిక. రాగి మాల్ట్ ఎట్లా చేస్తారు? రాగులు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి, దోరగా వేయించి, పిండి పట్టిస్తారు. మొలకెత్తేటప్పుడు గింజలో ఒక ఎంజైము పుడుతుంది. గింజలోని పిండిని తీపిగా మార్చడం దాని పని. అందుకే రాగి మాల్ట్ మామూలు రాగి జావ కంటే పలచగా, కాస్త తియ్యగా ఉంటుంది. బార్లీని కూడా అంతే చేస్తారు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని మర పట్టించి, 65 డిగ్రీల దగ్గర వేడినీళ్లలో గంటసేపు నానబెడితే పిండి అంతా తీపి అవుతుంది. ఆ తియ్యటి నీళ్లని వడగట్టి, చేదు కోసం హాప్స్ పూలు వేసి మరిగించి, చల్లార్చి ఈస్ట్ కలిపితే వారం పది రోజుల్లో బీరు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. బార్లీ ఇచ్చే తీపి అంతా ఈస్ట్ తినలేదు. గ్లూకోజు, మాల్టోజు వంటి చిన్న చక్కెరల్ని తింటుంది. డెక్స్‌ట్రిన్ అనే పొడవాటి గొలుసుల జోలికి పోదు. అవి బీరులో మిగిలిపోయి దానికి చిక్కదనాన్నిస్తాయి. గ్లాసులో పోసినప్పుడు నురుగు నిలబడటంలోనూ, నోట్లో నిండుగా ఉండటంలోనూ గింజదే పాత్ర. బయటి నుంచి వేసే చక్కెరగానీ బెల్లంగానీ అట్లా కాదు. దాన్ని ఈస్ట్ దాదాపు ఒక్క రవ్వ కూడా వదలకుండా తినేస్తుంది. చక్కెర కలిపితే బీరు తియ్యగా అవుతుందని చాలామంది అనుకుంటారు, నేను కూడా అనుకున్నాను. నిజానికి ఇంకా పొడిగా, ఇంకా పలచగా అవుతుంది. తీపి పోయి ఆల్కహాలు మాత్రం మిగులుతుంది.

ఎంత మిగులుతుంది? ప్రతి లీటరుకీ సుమారు 17 గ్రాముల చక్కెర పూర్తిగా పులిస్తే ఒక శాతం ఆల్కహాలు పెరుగుతుంది. 20 లీటర్ల బీరులో ఒక శాతం పెంచాలంటే 340 గ్రాముల చక్కెర చాలు. బెల్లంలో చక్కెరతోపాటు తేమ, లవణాలు ఉంటాయి కాబట్టి ఇంకో 40 గ్రాములు పడుతుంది. ఈ ఒక్క అంకె గుర్తుంటే మిగతాదంతా చిన్న కూడిక.

దీన్ని కొలవడానికి హైడ్రోమీటర్ అనే గాజు గొట్టం ఉంటుంది. పల్లెలో పాల కేంద్రానికి పాలు పోసినవాళ్లందరికీ దాని చెల్లెలు తెలుసు. లాక్టోమీటర్ పాలలో ఎంత తేలుతుందో చూసి నీళ్లు కలిపారో లేదో చెప్పేవాళ్లు కదా, ఇదీ అంతే. మంచినీళ్లలో 1.000 చూపిస్తుంది. తీపి ఎక్కువైన కొద్దీ పైకి తేలుతుంది. నాలుగున్నర కిలోల బార్లీతో 20 లీటర్లు చేస్తే నాకు 1.050 దగ్గర వస్తుంది. పులిసిన తరువాత 1.012కి దిగుతుంది. ఈ రెండింటి తేడాని 131తో గుణిస్తే ఆల్కహాలు శాతం తేలుతుంది, ఇక్కడ 5.

నా మొదటి తప్పు ఈ గొట్టం చేతిలో ఉండి కూడా చేశాను. సెలవులకి ఊరికి పోయి వస్తూ హిందూపురం మార్కెట్టులో బెల్లం కొన్నాను. పచ్చగా మెరిసే దిమ్మ తీసుకోబోతే నాయన వద్దన్నాడు. రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం వేసినది అది, నల్లది తీసుకో అన్నాడు. ఆస్టిన్‌కి వచ్చి, 5 శాతం బీరుని 11 దాటించాలన్న ఆశతో 20 లీటర్లలో రెండున్నర కిలోల బెల్లం ఒకేసారి కలిపేశాను. హైడ్రోమీటర్ 1.093 చూపించింది. రెండు రోజులు ఉధృతంగా పొంగింది. ఐదో రోజు నుంచి సద్దుమణిగింది. మూడు వారాలైనా అంకె 1.034 కిందకి దిగలేదు. ఆల్కహాలు 8 లోపే ఆగిపోయింది. మిగిలిన తీపి నాలుకకి అంటుకుంటోంది. పైగా గొంతులో మంట.

ఆ మంటకి కారణం వేడి. ఆ వేసవిలో నా గ్యారేజీ 33 డిగ్రీలుంది. నేను వాడే ఈస్ట్‌కి 18 నుంచి 22 డిగ్రీలు కావాలి. వేడెక్కితే అది తొందరపడి ఫ్యూసెల్ ఆల్కహాళ్లు అనే ఘాటైనవాటిని కూడా పుట్టిస్తుంది. పులిసేటప్పుడు బీరు పోసిన క్యాను లోపలి నుంచి కూడా వేడి పుడుతుంది. చక్కెర ఎక్కువైతే ఆ వేడీ ఎక్కువే. ఇప్పుడు మా అమ్మ నీళ్ల కుండకి చుట్టినట్టే క్యానుకి తడిగుడ్డ చుట్టి, ఫ్యాను పెడుతున్నాను.

అంకె దిగకపోవడానికి కారణాలు వేరే ఉన్నాయి. ఈస్ట్ ముందు తేలికగా దొరికే గ్లూకోజునే తింటుంది. బెల్లంతో అది కడుపునిండా దొరికితే బార్లీ ఇచ్చే మాల్టోజుని తినే పని మొదలుపెట్టదు, ఆలస్యం చేస్తుంది. ఈలోగా చుట్టూ ఆల్కహాలు పెరిగి దానికే విషమవుతుంది. బీరు ఈస్ట్‌లలో చాలావాటికి 8 నుంచి 12 శాతం మధ్యలో ఊపిరాడదు. ఇంకో సంగతి ఆహారం. బార్లీలో నైట్రోజన్ ఉంది, ఈస్ట్ ఒళ్లు పెంచుకోవడానికి అదే ఆధారం. చక్కెరలో అది బొత్తిగా లేదు, బెల్లంలో నామమాత్రం. ఉత్త అన్నం పెట్టి మనిషిని చాకిరీకి పంపినట్టు ఉంటుంది.

ఈ చివరి మాట నేను ఫోనులో చెబితే నాయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: "అందుకేనేమోరా, బెల్లం ఊటలోకి ఎరువు ఏస్తారు."

నాటుసారా కోసం పెట్టిన బెల్లం ఊటలో అమ్మోనియా, యూరియా కలిపారని దాడుల వార్తల్లో చదువుతూనే ఉంటాం. గింజ లేదు, పండు లేదు, ఈస్ట్‌కి తిండి లేదు. ఆ లోటుని ఎరువుతో పూడుస్తారు. రుచి, చిక్కదనం ఎవరికీ అక్కరలేదు, మత్తు ఒక్కటే కావాలి. చక్కెరతో మత్తు పెంచడమనే దారి చివరికి తీసుకుపోయేది అక్కడికే. దాని ఖర్చు మన ఆడవాళ్లు కట్టారు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటివాళ్లు సారా కొట్టు మూయించిన తరువాత ఆ నిప్పు జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ఊట మాత్రం చాటుగా పెడుతూనే ఉన్నారు.

ఒక అపోహ కూడా ఇక్కడే తొలగించాలి. బెల్లం పులిస్తే చూపు తీసే మిథనాల్ పుడుతుందని చాలామంది నమ్ముతారు. చక్కెర నుంచి ఈస్ట్ మిథనాల్ చేయదు. కల్తీ సారా తాగి పదుల సంఖ్యలో చనిపోయిన చోట్ల దాదాపు ప్రతిసారీ పరిశ్రమల్లో వాడే మిథనాల్‌ని ఎవరో తెచ్చి కలిపి ఉంటారు. అది పులియడంలో జరిగిన పొరపాటు కాదు. హత్య.

కల్లుకి కూడా ఇదే గతి పట్టింది. చెట్లు తగ్గాయి, తాగేవాళ్లు తగ్గలేదు. ఈత కల్లులో సహజంగా ఉండే ఆల్కహాలు బీరుతో సమానం, 4 నుంచి 6 శాతం. అది చాలలేదని నీళ్లు పోసి, శాక్రిన్‌తో తీపి తెచ్చి, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులతో కిక్కు తెచ్చారు. మా నాయన చెట్లెక్కడం మానేసింది కాళ్లు చచ్చుబడి కాదు. చుట్టూ అట్లాంటి కల్లు అమ్ముతుంటే, చెట్టు కల్లు తెచ్చినా "ఇందులో పవర్ లేదన్నా" అని జనం అనడం ఆయన తట్టుకోలేకపోయాడు.

నా రెండో ప్రయత్నం దానికి వ్యతిరేక దిక్కులో చెడింది. మత్తు అతిగా వద్దు, 6 శాతం చాలనుకున్నాను. బార్లీ రెండున్నర కిలోలకి తగ్గించి, ఆ లోటుకి కిలోంబావు బెల్లం వేశాను. అంకెలన్నీ అనుకున్నట్టే వచ్చాయి. తాగితే ఏమీ లేదు. నురుగు గ్లాసులో పోసిన నిమిషానికే పోయింది. నీళ్లలో మత్తు కలిపినట్టు ఉంది. గింజ ఇచ్చే డెక్స్‌ట్రిన్లు సగానికి పడిపోతే ఇంకేం మిగులుతుంది?

చక్కెర వేయడమే తప్పు అని చెప్పేవాళ్లున్నారు. జర్మనీలో బవేరియా రాజ్యం 1516లోనే బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఇంకేమీ ఉండకూడదని శాసనం చేసింది. ఈస్ట్ పేరు అందులో లేదు, పులియబెట్టేది ఒక జీవి అని అప్పటికి ఎవరికీ తెలియదు. బ్రిటన్‌లో 1847 నుంచి చక్కెర వేయనిచ్చారు. బెల్జియంలో వెస్ట్‌మాలే అనే మఠంలో సన్యాసులు 1934 నుంచి ట్రిపెల్ అనే బంగారు రంగు బీరు చేస్తున్నారు. దాని బలం 9.5 శాతం. అంత బలమైన బీరుని బార్లీతో మాత్రమే చేస్తే పాయసంలాగా చిక్కగా, మొహం మొత్తేలా తయారవుతుంది. వాళ్లు చక్కెర పాకం కొంత కలుపుతారు. దాంతో బలం ఉంటుంది, గొంతు దిగేటప్పుడు బరువుండదు. అక్కడ చక్కెర బార్లీకి బదులుగా రాలేదు, బార్లీ భారాన్ని కాస్త తగ్గించడానికి వచ్చింది. నాకు ఈ తేడా అర్థం కావడానికి రెండు క్యాన్లు పారబోయాల్సి వచ్చింది.

మన దేశంలో అమ్ముడయ్యే బీరులో ఎక్కువ భాగం స్ట్రాంగ్ రకమే. సీసా లేబుల్ మీద బార్లీ మాల్ట్ పక్కన చక్కెర పేరు కూడా చాలాసార్లు కనిపిస్తుంది. ఆ చక్కెర ఎందుకు వేశారని ఎప్పుడైనా సీసా తిప్పి చూసి అడగండి. ఖర్చు తగ్గించి శాతం పెంచడానికైతే ఆ సంగతి నాలుక చెబుతుంది.

మూడోసారి బార్లీని నాలుగున్నర కిలోల దగ్గర కదల్చలేదు. బెల్లం 500 గ్రాములే తీసుకున్నాను. మొత్తం తీపిలో అది ఏడో వంతు. దాన్ని మొదటిరోజు వేయలేదు. నాలుగో రోజు, పొంగు తగ్గి ఈస్ట్ బార్లీ తీపిని చాలావరకు తినేశాక, లీటరు నీళ్లలో బెల్లాన్ని మరిగించి, మలినాలు వడగట్టి, పూర్తిగా చల్లార్చి పోశాను. మళ్లీ ఒకరోజు పొంగింది. లెక్క ప్రకారం 1.3 శాతం పెరగాలి. 6.3 దగ్గర ఆగింది. తీపి అంతా పోయింది. బెల్లం వండే గానుగ దగ్గర సాయంత్రం నిలబడితే వచ్చే వాసన మాత్రం మిగిలింది. చివర్లో ఉప్పదనం ఒక పిసరు.

ఆ శీతాకాలం నాయన ఆస్టిన్ వచ్చాడు. బీరు ఆయన అంతకుముందు రెండుమూడుసార్లకి మించి తాగలేదు. గ్లాసు చేతికిస్తే ముందు ముక్కు పెట్టి వాసన చూశాడు, కుండ దగ్గర చూసినట్టే. ఒక గుటక వేసి ఊరుకున్నాడు. ఇంకో గుటక వేశాడు.

"గింజ వాసన ముందొస్తాంది. బెల్లం ఎనకాల ఉంది. ఇట్లుంటే సరే" అన్నాడు. సగం తాగి పక్కన పెట్టాడు. ఆయన రోజూ అంతే తాగేవాడు, సొంత చెట్టు కల్లైనా.

ఈ 12 ఏళ్లలో నేను నేర్చుకున్నదాంట్లో రుచికి సంబంధం లేని విషయం ఒకటుంది. అది ప్రాణానికి సంబంధించినది. బీరులో బుడగల కోసం సీసాలో పోసేముందు 20 లీటర్లకి 120 గ్రాముల దాకా చక్కెర కలుపుతారు. మూత బిగించాక అది పులిసి గాలి పుడుతుంది. ఒకసారి నేను తొందరపడి, లోపలి తీపి ఇంకా మిగిలి ఉండగానే సీసాలకి మూతలు వేశాను. పదో రోజు రాత్రి గ్యారేజీలో ఒక సీసా పేలింది. గాజు పెంకు ఎదురుగోడకి గుచ్చుకుంది. ఆ గోడకి ఆనించే మా అమ్మాయి సైకిలు ఉంటుంది. చక్కెర బరువులో దాదాపు సగం గాలిగా మారుతుందని కెమిస్ట్రీ క్లాసులో రాసుకున్నవాణ్ణే నేను.

చట్టం ఒప్పుకునే దేశాల్లో ఉండి, ఇంట్లో బీరు చేస్తున్న మన పిల్లలకి నా మనవి. బలం కావాలంటే ముందు బార్లీ పెంచండి. బెల్లమో చక్కెరో మొత్తం తీపిలో ఐదో వంతు దాటనివ్వకండి, అదీ పొంగు తగ్గాకే పోయండి. సీసాలో నింపేముందు హైడ్రోమీటర్ అంకె వరసగా మూడు రోజులు కదలకుండా ఉందో లేదో చూడండి. కదిలితే ఇంకో వారం ఆగండి.